పాలిమర్ల నమూనాలు - సూక్ష్మదర్శిని

క్రీ.శ. 1665 లో వెలువడిన 'మైక్రోగ్రాఫియా' అనే గ్రంథం పేరు వినని జీవశాస్త్ర విద్యార్థి ఉండడు. రాబర్ట్ హుక్ బిరడాముక్కలో చిన్న చిన్న గదులను చూశాడనీ, వాటికి 'కణాలు' అని పేరుపెట్టాడనీ ప్రతి పాఠ్యపుస్తకమూ చెప్పుతుంది. ఆ గదులు కనిపించడానికి ముందు హుక్ పడిన అవస్థను మాత్రం పాఠ్యపుస్తకాలు సాధారణంగా వదలివేస్తాయి. ఆయన మొదట కలం చెక్కుకొనే చాకును మంగలికత్తి అంత పదునుగా నూరుకొన్నాడు. దానితో బిరడాను కోసి, నున్నని ముఖం ఒకటి తెచ్చాడు. సూక్ష్మదర్శినిలో చూస్తే అందులో రంధ్రాలున్నట్లు లీలగా తోచింది కాని, నిశ్చయంగా చెప్పడానికి వీలు లేకపోయింది. అప్పుడాయన ఆ ముఖం మీదినుంచి అతి పలుచని పొరను కోసి తీశాడు. బిరడా తెల్లని వస్తువు కనుక ఆ పొరను నల్లని పలకమీద ఉంచాడు. ఒక కుంభాకార కటకంతో వెలుతురును దానిపై కేంద్రీకరించాడు. అప్పుడుగాని గదులు తేటగా కనబడలేదు. ఒక ఘనపు అంగుళంలో అట్టివి సుమారు 126 కోట్లు ఉంటాయని లెక్క కట్టి, ఆయనే ఆశ్చర్యపోయాడు.

హుక్ చేసిన పనిలో కత్తి ఉన్నది, పలుచని పొర ఉన్నది, నల్లని పలక ఉన్నది. తరువాతి మూడు వందల సంవత్సరాలలో సూక్ష్మదర్శినులు ఎంతగా మారినా, చూడవలసిన వస్తువును సిద్ధం చేసేవాని తలనొప్పులు మాత్రం ఈ మూడింటి చుట్టూనే తిరిగాయి. పాలిమర్ల విషయంలో ఇవి మరీ ఎక్కువ. బిరడాకూడా నిజానికి ప్రకృతి తయారుచేసిన పాలిమర్ల కూర్పే. కాని హుక్ చూసింది ఆ పాలిమర్లతో కట్టిన గోడలను మాత్రమే. గోడలోని ఇటుకలను చూడడానికి మానవుడు ఇరవయ్యో శతాబ్దం మధ్యభాగం వరకు ఆగవలసి వచ్చింది.

రబ్బరు మొదలైన వాటి అణువులు చిన్న అణువుల వంటివి కావనీ, వేలకొలది పరమాణువులు వరుసగా రసాయన బంధాలతో కలిసిన పొడవైన గొలుసులనీ జర్మన్ శాస్త్రజ్ఞుడు హెర్మన్ స్టౌడింగర్ 1920 లో ప్రతిపాదించాడు. ఆనాటి రసాయన శాస్త్రజ్ఞులలో పలువురు దీనిని ఒప్పుకోలేదు. చిన్న అణువులే ఏదో ఆకర్షణవల్ల గుంపులుగా చేరి పెద్దవాటివలె కనిపిస్తున్నాయని వారి వాదం. స్టౌడింగర్ పట్టువిడవలేదు. 1953 లో ఆయనకు నోబెల్ బహుమానం లభించేనాటికి గొలుసు అణువుల ఉనికిని శంకించేవారు మిగలలేదు. ఇక మిగిలిన ప్రశ్న వేరు. ఇంత పొడవైన గొలుసులు ఘనపదార్థంలో ఎట్లా సర్దుకొని ఉన్నాయి? పాలిమర్లపై ఎక్స్ కిరణాలు ప్రసరింపజేస్తే కొంతభాగం స్ఫటికంవలె క్రమంగా అమరి ఉన్నదనీ, కొంతభాగం క్రమం లేకుండా ఉన్నదనీ తెలిసింది. స్ఫటిక భాగాల పరిమాణం కొద్ది వందల ఆంగ్‌స్ట్రామ్‌లకు మించడం లేదు. (ఒక సెంటీమీటరులో పదికోట్ల వంతు ఒక ఆంగ్‌స్ట్రామ్.) గొలుసు పొడవు మాత్రం కొన్ని వేల ఆంగ్‌స్ట్రామ్‌లు. కాబట్టి ఒక్కొక్క గొలుసు ఒక స్ఫటిక భాగంలో కొంత దూరం తిన్నగా నడిచి, క్రమంలేని ప్రదేశంలోకి వచ్చి, మళ్ళీ మరొక స్ఫటిక భాగంలోకి పోతుందని 1930 ప్రాంతంలో ఊహించారు. గడ్డిమోపుల చివర్లు ఒకదానిలోనికొకటి చొచ్చుకొని ఉన్నట్లన్నమాట. దాదాపు పాతికేళ్ళపాటు ఈ చిత్రమే పుస్తకాలలో నిలిచింది. దానిని కంటితో చూసినవారు మాత్రం లేరు.

కాంతితో పనిచేసే మామూలు సూక్ష్మదర్శినికి ఇందులో కొంత పాత్ర లేకపోలేదు. 1945 లో ఇంగ్లండులో బన్, ఆల్కాక్ అనే శాస్త్రజ్ఞులు పాలిథీన్‌ను ధ్రువిత కాంతిలో పరిశీలించి, అందులో కేంద్రంనుంచి అన్నివైపులకు కిరణాలవలె పెరిగిన గుండ్రని స్ఫటిక సముదాయాలున్నవని చూపారు. వీటిని స్ఫెరులైట్లు అంటారు. ఒక్కొక్క దానిమీద నల్లని శిలువ గుర్తు కనబడుతుంది. ఈ పరీక్షకు నమూనాను సిద్ధం చేయడం చాల తేలిక. ఉన్నత పాఠశాల ప్రయోగశాలలో కూడా ఉపాధ్యాయులు చేసి చూపవచ్చు. రంగు కలపని పాలిప్రొపిలీన్ ముక్కను గోరంతకంటె చిన్నదిగా తీసుకొని, గాజు పలకపై ఉంచి, పైన పలుచని కప్పుగాజు పెట్టాలి. దీనిని నేరుగా మంటపై కాక వేడిపలకపై పెట్టి, ముక్క కరిగిన తరువాత కర్రపుల్లతో మెల్లగా అదమాలి. సుమారు 165 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద అది కరుగుతుంది. తరువాత తొందరపడకుండా చల్లార్చాలి. తొందరగా చల్లార్చితే స్ఫెరులైట్లు మరీ చిన్నవై కంటికి ఆనవు. పలక కింద ఒక పోలరాయిడ్ ముక్క, నేత్రకటకం మీద మరొకటి ఉంచి, దృశ్యక్షేత్రం చీకటి అయ్యేవరకు పైదానిని తిప్పితే, నల్లని శిలువలు గల వెలుగు బిళ్ళలు కనిపిస్తాయి. అయితే మామూలు కాంతి 2000 ఆంగ్‌స్ట్రామ్‌లకంటె దగ్గరగా ఉన్న రెండు బిందువులను విడదీసి చూపలేదు. స్ఫెరులైటు లోపలి పోగులు ఎట్టివో అది చెప్పజాలదు.

బెర్లిన్‌లో నోల్, రుస్కాలు 1931 లో తొలిసారి నిర్మించిన ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని తరువాత ఈ హద్దును దాటింది. (రుస్కాకు ఇందుకు నోబెల్ బహుమానం 1986 లో, అంటే యాభైయైదేళ్ళకు గాని రాలేదు.) కాని ఈ యంత్రానికి అలవాట్లు ఎక్కువ. లోపల గాలి ఉండరాదు. కాబట్టి తడివస్తువు పనికిరాదు. ఎలక్ట్రాన్‌లు దట్టమైన వస్తువును చొచ్చుకొని పోలేవు. కాబట్టి నమూనా సుమారు 1000 ఆంగ్‌స్ట్రామ్‌లకు మించి మందం ఉండరాదు. అంటే మన తలవెంట్రుకను అడ్డంగా కాక, మందం వెంట సుమారు వెయ్యి పొరలుగా చీల్చితే వచ్చే ఒక్క పొర మందం. పైగా బరువైన పరమాణువులు ఎలక్ట్రాన్‌లను బాగా చెదరగొడతాయి, తేలికైనవి అంతగా చెదరగొట్టవు. పాలిమర్లలో ఎక్కడ చూసినా ఉండేది కర్బనం, ఉదజని. మంచులో తెల్లకుందేలును వెదకినట్లు, పాలిమర్లో ఒక భాగానికీ ఇంకొక భాగానికీ తేడా తెలియదు. హుక్‌కు బిరడా కింద పెట్టడానికి నల్లపలక దొరికింది. ఇక్కడ ఆ సదుపాయం లేదు.

పలుచగా కోయడం అనే చిక్కును ముందుగా ఎదుర్కొన్నవారు జీవశాస్త్రజ్ఞులు. కణజాలాన్ని కోయడానికి ముందు దానిని ఏదో ఒక గట్టి పదార్థంలో పొదగాలి. మైనం ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినికి కావలసినంత పలుచని పొరలకు చాలదు. 1949 లో అమెరికాలో న్యూమన్, బోరిస్కో, స్వెర్డ్‌లో అనేవారు బ్యుటైల్ మెథాక్రిలేట్ ద్రవంలో కణజాలాన్ని నానబెట్టి, ఆ ద్రవాన్ని లోపలే పాలిమరుగా గట్టిపరచి కోశారు. పాలిమర్లను చూడడానికి సూక్ష్మదర్శిని సిద్ధం కాకమునుపే, సూక్ష్మదర్శినిలో చూడడానికి పాలిమరు సాయపడింది! మరుసటి సంవత్సరం, 1950 లో, లాటా, హార్ట్‌మన్‌లు ఉక్కుకత్తికి బదులు విరిచిన గాజుపలక అంచును వాడి చూపారు. గాజు విరిగినప్పుడు ఏర్పడే అంచు ఏ సానరాతి మీదనూ రానంత పదును. కాకపోతే కొద్ది కోతలకే మొద్దుబారుతుంది. వెనిజులా దేశస్థుడైన ఫెర్నాండెజ్ మొరాన్ 1953 లో వజ్రపు కత్తిని తయారుచేశాడు. అది ఖరీదైనదేగాని నెలల తరబడి పదును పోదు.

కోసిన పొర కత్తి వెనుకనే అమర్చిన చిన్న తొట్టెలోని నీటిమీద తేలుతుంది. దాని మందాన్ని తెలుసుకోడానికి వేరే కొలబద్ద అక్కరలేదు. నీటిపై నూనెచుక్క రంగులు చిమ్మినట్లే, ఈ పొర పై ముఖంనుంచి, కింది ముఖంనుంచి పరావర్తనం చెందిన కాంతి కలిసి రంగు నిస్తుంది. బూడిదరంగులో ఉంటే 600 ఆంగ్‌స్ట్రామ్‌లకు లోపు. వెండి రంగైతే 600 నుంచి 900. బంగారు రంగైతే 900 నుంచి 1500. ప్రయోగశాలలో పనిచేసేవారు వెండిని కోరుకొని, బంగారాన్ని వద్దనుకొనే పని ఇదొక్కటే కావచ్చు.

పాలిమర్ల వద్దకు వచ్చేసరికి ఈ కత్తికూడా తడబడింది. గట్టి పాలిస్టిరీన్ తెగుతుంది. రబ్బరు తెగదు, కత్తి ముందు సాగి, నలిగి, మళ్ళీ వెనక్కు లాగుకొంటుంది. పాలిథీన్ కత్తి అంచుకు పూసుకొంటుంది. మీగడ తరకను పొరలుగా కోయబోయినట్లు ఉంటుంది. దీనికి ఒక విరుగుడు చలి. ప్రతి పాలిమరుకూ ఒక ఉష్ణోగ్రత ఉన్నది. దానికి దిగువన అది గాజువలె బిరుసెక్కుతుంది. ద్రవ నత్రజని (సున్నకు దిగువ 196 డిగ్రీలు) తో కత్తినీ నమూనానూ చల్లబరచి కోసే యంత్రాలు తరువాత వచ్చాయి. కాని 1950 తరువాతి సంవత్సరాలలో పాలిమర్ల లోపలి నిర్మాణం బయటపడింది కత్తివల్ల కాదు. ఒక గాజుకుప్పెలో, కోతలు లేకుండా, బయటపడింది.

ఆ కథకు ఒక పూర్వకథ ఉన్నది. 1938 లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో స్టార్క్స్ అనే శాస్త్రజ్ఞుడు గట్టాపెర్చా ద్రావణంనుంచి అతి పలుచని పొరలను తయారుచేసి, వాటి గుండా ఎలక్ట్రాన్‌లను పంపి, వివర్తన చిత్రాలు తీశాడు. గొలుసులు పొరకు లంబంగా నిలబడి ఉన్నట్లు ఆ చిత్రాలు చెప్పాయి. కాని పొర మందంకంటె గొలుసు పొడవు ఎంతో ఎక్కువ. నిలబడినది పొరను దాటి బయటకు పొడుచుకొని రావాలి గదా! అట్లా రావడం లేదు గనుక గొలుసు తనమీద తానే వెనక్కు మడుచుకొంటూ ఉండాలని స్టార్క్స్ వ్రాశాడు. సరియైన మాటే. కాని చూపించడానికి స్ఫటికం లేదు, దాని చిత్రం లేదు. గడ్డిమోపుల ఊహ బలంగా ఉన్న రోజులలో ఆ వ్యాసాన్ని పట్టించుకొన్నవారు లేరు.

1953 లో జర్మనీలో కార్ల్ జీగ్లర్ తక్కువ పీడనంలో పాలిథీన్‌ను తయారుచేసే పద్ధతి కనుగొన్నాడు. 1933 లో ఇంగ్లండులో అధిక పీడనం కింద దొరికిన పాత పాలిథీన్ గొలుసులకు అక్కడక్కడ కొమ్మలుండేవి. కొత్తదానికి కొమ్మలు దాదాపు లేవు. కొమ్మలు లేని గొలుసులు చక్కగా స్ఫటికీకరిస్తాయి. ఈ కొత్త పదార్థం చేతికందగానే పలు ప్రయోగశాలలు దానిమీద పడ్డాయి. 1957 లో ముగ్గురు, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా, పాలిథీన్ ఏకస్ఫటికాలను ప్రకటించారు: అమెరికాలో టిల్, జర్మనీలో ఫిషర్, ఇంగ్లండులోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో ఆండ్రూ కెల్లర్. కెల్లర్ 1925 లో బుడాపెస్టులో పుట్టి, 1948 లో ఇంగ్లండు చేరినవాడు. కొంతకాలం రసాయన పరిశ్రమలో పనిచేసి, తరువాత బ్రిస్టల్‌లో స్ఫటికాల పెరుగుదలను గూర్చి పేరు పొందిన చార్లెస్ ఫ్రాంక్ ఉన్న భౌతికశాస్త్ర విభాగంలో చేరాడు.

కెల్లర్ నమూనా తయారీ చెప్పుకోడానికి సులభమైనది. పాలిథీన్‌ను మరుగుతున్న జైలీన్‌లో కరిగించాలి. జైలీన్ సుమారు 140 డిగ్రీల వద్ద మరుగుతుంది. ఇందులో కిటుకంతా గాఢతలో ఉన్నది. నూరు ఘనసెంటీమీటర్ల జైలీన్‌కు గ్రాములో ఇరవయ్యో వంతు, లేదా అంతకంటె తక్కువ పాలిమరు ఉండాలి. ఎక్కువైతే గొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుపడి జిగురుముద్ద వస్తుంది. పలుచని ద్రావణంలో ఒక్కొక్క గొలుసుకు తిరుగాడడానికి చోటు ఉంటుంది. మెల్లగా చల్లారుస్తూ 80 డిగ్రీల ప్రాంతంలో ఉంచితే, ద్రావణం మసకబారుతుంది. ఆ మసకే స్ఫటికాలు. ఒక చుక్క తీసి, కర్బనపు పలుచని పొర పరచిన రాగి జల్లెడపై వేసి ఆరనివ్వాలి. ఈ జల్లెడ వెడల్పు సుమారు 3 మిల్లీమీటర్లు మాత్రమే.

ఆరిన తరువాత సూక్ష్మదర్శినిలో పెడితే దాదాపు ఏమీ కనిపించదు. కర్బనపు పొరమీద కర్బనపు స్ఫటికం. ఇక్కడ అవసరమైన ఉపాయాన్ని 1944 లోనే అమెరికాలో విలియమ్స్, వైకాఫ్ అనేవారు కనుగొని ఉన్నారు. విలియమ్స్ నక్షత్రశాస్త్రజ్ఞుడు; దూరదర్శిని అద్దాలకు శూన్యంలో లోహపు పూత వేసే విద్య తెలిసినవాడు. వైకాఫ్ స్ఫటికశాస్త్రం తెలిసినవాడు. శూన్యపు గదిలో ఒక మూలనుంచి లోహాన్ని ఆవిరి చేస్తే, ఆ ఆవిరి తిన్నని గీతలలో ప్రయాణించి, నమూనామీద ఏటవాలుగా పడుతుంది. సాయంకాలపు ఎండ పొలంమీద పడినట్లే. గట్టు ఎండవైపు ముఖంమీద లోహం పేరుకొంటుంది. వెనుకవైపు లోహం పడని 'నీడ' మిగులుతుంది. సూక్ష్మదర్శినిలో ఆ నీడ స్పష్టంగా కనిపిస్తుంది. చూడడమేకాదు, కొలవవచ్చును కూడా. తాటిచెట్టు నీడను కొలిచి చెట్టు ఎత్తు చెప్పే లెక్క తొమ్మిదో తరగతి విద్యార్థికీ తెలుసు. గెలీలియో 1610 లో చంద్రుని పర్వతాల ఎత్తును తేల్చింది కూడా వెలుగునీడల లెక్కతోనే.

ఒక ఉదాహరణ చూద్దాము. లోహపు ఆవిరి పడే వాలువల్ల నీడ పొడవు ఎత్తుకు మూడు రెట్లుందనుకొందాము. 50,000 రెట్లు పెద్దది చేసిన చిత్రంలో నీడ పొడవు 1.8 మిల్లీమీటర్లుంటే, స్ఫటికం మందం చిత్రంలో 0.6 మిల్లీమీటరు. దానిని 50,000 తో భాగిస్తే 120 ఆంగ్‌స్ట్రామ్‌లు వస్తుంది. కెల్లర్‌కు కనిపించిన స్ఫటికాలు సరిగా ఇట్టివే: కోలగా ఉన్న చతుర్భుజపు పలకలు, వాటి వెడల్పు కొన్ని మైక్రాన్‌లు, మందం సుమారు 100 నుంచి 120 ఆంగ్‌స్ట్రామ్‌లు. గులాబీరేకును గది నేలంత విశాలంగా సాగదీసినట్లు.

తరువాత ఆయన అదే యంత్రంలో అదే స్ఫటికంనుంచి వివర్తన చిత్రం తీశాడు. గొలుసులు పలకకు లంబంగా ఉన్నాయని అది చూపింది. ఇక లెక్క తప్పించుకోలేనిది. ఒక గొలుసు అణుభారం 56,000 అనుకొంటే, అందులో 14 భారంగల సమూహాలు 4000 ఉంటాయి. ఒక్కొక్కటి గొలుసు వెంట 1.27 ఆంగ్‌స్ట్రామ్‌లు ఆక్రమిస్తుంది. మొత్తం పొడవు 5080 ఆంగ్‌స్ట్రామ్‌లు. అది 120 ఆంగ్‌స్ట్రామ్‌ల మందంలో నిలబడి ఉండాలంటే, పంచెను మడతలు పెట్టినట్లు నలభైకిపైగా మార్లు వెనక్కు తిరగాలి. స్టార్క్స్ మాట దాదాపు ఇరవైయేళ్ళ తరువాత నిజమైంది. ఈసారి పలక కంటి ముందే ఉన్నది, కాదనడం కష్టం.

అట్లని కనిపించినదంతా నిజమని నమ్మడానికి వీలు లేకపోయింది. ఆ పలకలపై నడిమి భాగంలో ముడతలు, నల్లని గీతలు కనబడ్డాయి. స్ఫటికం అట్లాగే పెరిగిందేమో అనిపించింది. కాని బ్రిస్టల్‌లో బాసెట్, ఫ్రాంక్, కెల్లర్‌లు, అమెరికాలో రెనెకర్, గైల్‌లు 1959-60 సంవత్సరాలలో వేరే సంగతి తెలిపారు. ద్రవంలో పెరిగేటప్పుడు ఈ స్ఫటికాలు బల్లపరుపు పలకలే కావు. లోపల డొల్లగా ఉన్న గోపురాల వంటివి. ఒక్కొక్క మడత వరుస దాని పక్క వరుసకంటె కొద్దిగా జరిగి ఉండడంవల్ల ఈ వాలు వస్తుంది. చుక్క ఆరేటప్పుడు ద్రవపు తలతన్యత ఆ గోపురాన్ని అదిమి, జల్లెడకు అతికిస్తుంది. తడిసిన పట్టుగుడ్డ నేలకు అంటుకొని ముడతలు పడినట్లు అది కూలి ముడతలు పడుతుంది. చిత్రంలోని గీతలు స్ఫటికం పెరుగుదల చరిత్ర కాదు, నమూనా తయారీ చరిత్ర. అయితే తమాషా ఏమంటే, ఆ ముడతలే లేకపోతే గోపురం ఉండేదని ఎవరికీ తట్టేది కాదు. తప్పు ఆనవాలుకూడా ఒక్కొక్కప్పుడు సాక్ష్యం చెప్పుతుంది.

మరొక చిక్కు యంత్రమే తెచ్చిపెట్టేది. ఎలక్ట్రాన్‌ల పుంజం కింద పాలిథీన్ స్ఫటికం కొద్ది సెకండ్లలో తన క్రమాన్ని పోగొట్టుకొంటుంది. పరిశోధకుడు తెరమీద తీరికగా చూస్తూ మంచి చోటును వెదుకుతూ ఉంటే, చోటు దొరికేనాటికి చూడవలసినది ఉండదు. కాబట్టి పుంజాన్ని బలహీనం చేసి, పక్కభాగంలో నాభీకరణం సరిచేసుకొని, అప్పటివరకు పుంజం పడని చోటికి జరిపి, వెంటనే చిత్రం తీయడం అలవాటు చేసుకొన్నారు.

ఇక అసలైన ఆక్షేపణ వచ్చింది. పలుచని ద్రావణంలో పాలిమరు మడతలు పడితే పడనీ. మనం వాడే సీసాలు, తాళ్ళు, గొట్టాలు కరిగిన ముద్దనుంచి పోతపోసినవి. అందులో గొలుసులు చిక్కులుపడి ఉంటాయి. అక్కడకూడా పలకలే ఉన్నవని ఋజువేమిటి? పాలిథీన్ ముద్దను పొగలు కక్కే నత్రికామ్లంలో ఉంచి, పామర్, కాబోల్డ్ అనే శాస్త్రజ్ఞులు 1964 లో దీనికి ఒక సమాధానం చెప్పారు. ఆమ్లం క్రమంలేని భాగాలను తొందరగా కొరికివేస్తుంది. గట్టిగా అమరిన స్ఫటిక భాగాల జోలికి అంత తొందరగా పోదు. గోడలో సున్నం కరిగిపోతే ఇటుకలు విడివడినట్లు, ముద్దలోనుంచి పలకలు విడివడి వచ్చాయి. ముద్దలోనూ పలకలే! కాని ఇది గోడను పడగొట్టి ఇటుకలను లెక్కించడమే. అవి గోడలో ఎట్లా పేర్చి ఉన్నవో తెలియదు.

దానికి మళ్ళీ కత్తి దగ్గరికి రావలసివచ్చింది. కత్తికి ఒక కొత్త తోడు ఈలోగా రబ్బరు పరిశోధకులకు దొరికింది. 1965 లో జపానులో కాటో అనే శాస్త్రజ్ఞుడు గట్టి ప్లాస్టిక్కులో రబ్బరు రేణువులు కలిపి తయారుచేసే 'ఎ.బి.ఎస్.' అనే పదార్థాన్ని ఆస్మియం టెట్రాక్సైడు ఆవిరికి గురిచేశాడు. జీవశాస్త్రజ్ఞులు కణజాలానికి దీనిని ఎప్పటినుంచో వాడుతున్నారు. రబ్బరు గొలుసులో ద్విబంధాలున్నవి. ఆస్మియం వాటితో కలిసి గొలుసులను ఒకదానికొకటి ముడివేస్తుంది. చుట్టూ ఉన్న ప్లాస్టిక్కులో అట్టి బంధాలు లేవు. దీనివల్ల ఒక్క దెబ్బకు రెండు పనులయ్యాయి. మెత్తని రబ్బరు గట్టిపడి కత్తికి లొంగింది. ఆస్మియం బరువైన లోహం గనుక రబ్బరు చిత్రంలో నల్లగానూ, ప్లాస్టిక్కు తెల్లగానూ కనిపించాయి. హుక్ నల్లపలక మూడు వందల సంవత్సరాలకు ఈ రూపంలో దొరికిందన్నమాట. గట్టి ప్లాస్టిక్కు దెబ్బకు పగలకుండా ఎందుకుంటున్నదో పరిశ్రమలవారు ఈ చిత్రాలలో వెదకడం మొదలుపెట్టారు. రేణువుల పరిమాణం, వాటి లోపల మళ్ళీ చిక్కుకొన్న ప్లాస్టిక్కు బొట్లు అన్నీ కళ్ళకు కట్టాయి. ఆస్మియం టెట్రాక్సైడు ఆవిరి కండ్లకు, ఊపిరితిత్తులకు మహాప్రమాదకరం. ఇది పాఠశాలలలో చేయదగిన ప్రయోగం కాదు.

పాలిథీన్‌కు ద్విబంధాలు లేవు. ఆస్మియం దానిని ముట్టుకోదు. జర్మనీలో కానిగ్ 1973 లో క్లోరోసల్ఫోనిక్ ఆమ్లంతో దీనికి మార్గం చూపాడు. ఈ ఆమ్లం స్ఫటిక పలకల లోపలికి పోలేదు; పలకల మధ్యనున్న క్రమంలేని సందులలోకి ఇంకి, అక్కడి గొలుసులతో కలుస్తుంది. సందులు గట్టిపడి, బరువెక్కుతాయి. తరువాత యురేనియం లవణంతో శుద్ధిచేస్తే ఇంకా నల్లబడతాయి. ముద్ద పాలిథీన్‌ను ఇట్లా సిద్ధంచేసి కోసిన పొరలో, నల్లని గీతల నడుమ తెల్లని పలకలు, తాటాకుల కట్టను అంచునుంచి చూసినట్లు, వరుసగా నిలబడి కనిపించాయి. పోతపోసిన పాలిథీన్‌లో పలకలున్నాయా లేవా అనే ప్రశ్న అంతటితో తీరిపోయింది.

కోయకుండా పై ముఖాన్ని తినిపించి చూసే పద్ధతి ఇంగ్లండులో వచ్చింది. అంతకు పూర్వం బ్రిస్టల్‌లో ఉన్న బాసెట్, తన సహచరులైన ఓలీ, హాడ్జ్‌లతో కలిసి, 1979 లో గాఢ గంధకామ్లంలో పొటాసియం పర్మాంగనేటు కరిగించి, దానితో పాలిథీన్, పాలిప్రొపిలీన్ ముఖాలను శుద్ధిచేశాడు. క్రమంలేని భాగం ముందుగా కొట్టుకొనిపోయి, పలకల అంచులు గట్లవలె మిగులుతాయి. వాటికి లోహపు నీడ వేసి, ప్రతిరూపం తీసి చూస్తారు. ఇక్కడకూడా పాత పాఠమే మళ్ళీ ఎదురైంది. ఆ ద్రావణం పాలిమర్లో లేని ఆకారాలను కొన్నిటిని తానే ముఖంమీద సృష్టించింది. ఓలీ, బాసెట్‌లు 1982 లో దానికి ఫాస్ఫారికామ్లం చేర్చి ఆ లోపాన్ని చాలవరకు సరిదిద్దారు. తమ పద్ధతిలోని తప్పును తామే పట్టుకొని ప్రకటించడం చిన్న విషయం కాదు. గాఢ గంధకామ్లానికి పర్మాంగనేటు కలిపినప్పుడు పేలుడు పదార్థం పుట్టే అపాయమున్నది గనుక విద్యార్థులు దీనినికూడా స్వయంగా ప్రయత్నించరాదు.

పలకలున్నవని అందరూ ఒప్పుకొన్న తరువాతకూడా వివాదం చల్లారలేదు. గొలుసు పలక ముఖంమీద మడిచి, పక్కచోటులోనే లోపలికి దిగుతుందా, లేక ఎక్కడో దూరంగా దిగుతుందా? పాలిమర్ల సిద్ధాంతంలో 1974 లో నోబెల్ బహుమానం పొందిన అమెరికన్ శాస్త్రజ్ఞుడు పాల్ ఫ్లోరీ రెండవదే సరి అని 1962 నుంచీ వాదించాడు. పాతకాలపు టెలిఫోను ఎక్స్చేంజిలో తీగలు ఒక రంధ్రంనుంచి మరెక్కడి రంధ్రానికో పోయినట్లు పలక ముఖం ఉంటుందని ఆయన చిత్రం. 1979 లో కేంబ్రిడ్జిలో జరిగిన ఫారడే చర్చాసభలో ఉభయపక్షాలవారూ గట్టిగానే తలపడ్డారు. మామూలు పాలిథీన్‌లో భారజలజని గల పాలిథీన్ కొద్దిగా కలిపి న్యూట్రాన్‌లతో పరీక్షించినా తగవు తేలలేదు. ఆ రెంటి ద్రవీభవన ఉష్ణోగ్రతలు కొన్ని డిగ్రీలు తేడా ఉండడంవల్ల స్ఫటికీకరణంలో అవి విడిపోసాగాయి. నమూనా తయారీ మళ్ళీ అడ్డుపడింది.

ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గులో విట్‌మన్, లోట్స్‌లు 1985 లో ప్రకటించిన ఉపాయం వీటన్నిటికంటె చిత్రమైనది. వారు శూన్యంలో పాలిథీన్‌నే వేడిచేసి ఆవిరి చేశారు. గొలుసులు తెగి, చిన్న తునకలుగా మారి, ఆ తునకలు పాలిమరు స్ఫటికం ముఖంమీద వాలాయి. నునుపైన ముఖంమీద అవి ఎటుపడితే అటు వాలాలి. కాని ముఖంమీద మడతలు ఒకే దిక్కుగా బారులుతీరి ఉంటే, దుక్కిచాలులో గడ్డిపరకలు పడినట్లు, తునకలు ఆ దిక్కునే పట్టుకొంటాయి. ద్రావణంలో పెరిగిన చతుర్భుజపు స్ఫటికాలను ఇట్లా అలంకరించి, ఆపైన 1944 నాటి పద్ధతిలోనే లోహపు నీడ వేసి చూశారు. స్ఫటికం నాలుగు త్రిభుజాలుగా విడిపోయి కనిపించింది. తునకలు పేరుకొని ఏర్పడిన సన్నని కడ్డీలు ఒక్కొక్క త్రిభుజంలో ఒక్కొక్క దిక్కుగా, పెరుగుతున్న అంచుకు సంబంధించిన దిక్కుగా, వరుసలు తీరి ఉన్నాయి. ద్రావణంలో పెరిగిన స్ఫటికాలలో మడతలు అంచు వెంబడి క్రమంగా పడుతున్నాయని దీనివల్ల తెలిసింది. కరిగిన ముద్దనుంచి తొందరగా గట్టిపడిన పలకల ముఖాలు ఇంత క్రమంగా ఉండవు. అక్కడ ఫ్లోరీ మాటకూ కొంత చోటు మిగిలింది.